మూడుసార్లు ఎత్తిన చొక్కా

ఓడ మీద నుంచి,
బుధవారం ఉదయం

ప్రియమైన వరహాలుకు,

నువ్వు కట్టిచ్చిన కాజాలు నిన్ననే అయిపోయాయి. సగం తిన్నది మన కీర్తే, నామీదికి రాకు.

వైజాగ్‌లో ఓడ ఎక్కి పూటన్నర అయింది. ఈ పది రోజుల ప్రయాణంలో మొదటి మూడు రోజులూ ఏ ఊళ్ళోనూ ఆగదట. ఇవాళ ఎవరికీ ఏ పనీ లేదు, హాయిగా ఉండండని పొద్దున్నే మైకులో చెప్పారు. నలభై ఏళ్ళు చేపల వేటకి తిరిగినవాణ్ణి, సముద్రం మీద పని లేకుండా కూర్చోవడం నాకు చేతకావడం లేదు. పడక్కుర్చీలో పడుకోబెట్టి, కోనసీమవాడికి కొబ్బరిబొండాం తెచ్చి గొప్పగా ఇచ్చారు. ముదర కాయ. మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.

గాలీ, నీళ్ళ రంగూ చూసి, ఇప్పుడు కుడిచేతి వైపు మన అంతర్వేది ఉండాలి అన్నాను. ఓడ ఎక్కడుందో గదిలో టీవీ అంకెలతో చూపిస్తుంది. కీర్తి వెళ్ళి చూసొచ్చి, నిజమే నాన్నా అంది. ఎంత సంతోషమేసిందో.

అల్లుడికి సెలవు దొరకలేదు, ఆ టికెట్టు మీద నువ్వు వెళ్ళవే అంటే, "నలభై ఏళ్ళు నా మొగుణ్ణి పట్టుకుపోయిన సముద్రాన్ని నేనెళ్ళి పలకరించాలా" అన్నావు. వచ్చుంటే బాగుండేది. ఇక్కణ్ణుంచి ఫోన్లో మాట్లాడడం కుదరదట, ఫొటోలైతే వెళ్తాయట. కీర్తి ఈ కాయితాన్ని ఫొటో తీసి పంపుతుంది.

నీ తాతారావు

*

అంతర్వేది,
బుధవారం మధ్యాహ్నం

మా మావకు,

నీ కాయితం పక్కింటి లక్ష్మీతులసి ఫోన్లో చదివాను. ముదర బొండాం తాగి ఎవరూ చచ్చిపోరులే. ఏ పనీ లేదని మైకులో చెప్పాక కూడా పని వెతుక్కోకు. ఎవరి తాళ్ళూ సర్దకు, ఎవరికీ గాలి సంగతులు చెప్పకు. అల్లుడు కొన్న తెల్లచొక్కా నలగనివ్వకు.

ఒకమాట చెప్పనా? నువ్వు సముద్రం మీదున్నా భయం లేకుండా అన్నం తిన్నది నా జన్మలో ఇవాళే.

వరహాలమ్మ

*

ఓడ మీద,
బుధవారం సాయంత్రం

వరహాలూ,

ఇది చదివిన వెంటనే మన పడవల సంఘం పెద్ద వెంకటసాయి దగ్గరికి వెళ్ళు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, దగ్గర్లోనే ఒక ఆకుపచ్చ పడవ కనిపించింది. ముగ్గురు మనుషులు. ఇంజను ఆగిపోయింది, వల వేసి లేదు, గెడకి ఎర్రచొక్కా కట్టి నిలబెట్టారు. ఆపదలో ఉన్నారని మనవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. ఓడలో వాళ్ళకేం తెలుసు? పలకరిస్తున్నారనుకుని అందరూ చేతులూపారు, ఫొటోలు తీసుకున్నారు. ఒక చిన్నపిల్ల ముద్దులు విసిరింది.

నేను ఆలోచించలేదు. నా చొక్కా విప్పి మూడుసార్లు ఎత్తి దించాను. చూశాం, వస్తున్నాం, అక్కడే ఉండండి అని. నలభై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే లేచాయి. పడవలో పెద్దాయన గెడ దించేశాడు. నా మాట అందిందన్నమాట.

ఈ ఓడ నా చేతిలో లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కీర్తి కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా రాసుకుని, పైవాళ్ళకి చెబుతానంది. కాసేపటికి వచ్చి, వాళ్ళు చేపలు పట్టుకుంటున్నారట, కంగారు పడొద్దని నాకు చల్లటి జ్యూసు ఇచ్చింది. ఓడ ఆగలేదు. పడవ చుక్కయ్యేదాకా వెనకవైపు నిలబడ్డాను.

నేను ఊరుకునుంటే, టార్పాలిన్‌తో తెరచాప కట్టుకుని ఒడ్డువైపు వెళ్ళేవాళ్ళేమో. ఇప్పుడు నా మాట నమ్మి అక్కడే కూర్చుంటారు. ఆ వేళకి టీవీలో ఉన్న అంకెలు కీర్తి కింద రాసింది. ఎవరో తీసిన ఫొటో కూడా పంపుతోంది. త్వరగా వెళ్ళు.

తాతారావు

*

అంతర్వేది,
గురువారం సాయంత్రం

మావా,

నిన్న నీ కాయితం అందగానే, పొయ్యి మీద కూర దించకుండానే పరుగెత్తాను. వెంకటసాయి అందరికీ ఫోన్లు చేశాడు. ఆ పడవ కాకినాడ అవతల ఊరిది. వెళ్ళి తొమ్మిది రోజులైందట. వాళ్ళవాళ్ళు ఉత్తరాన వెతుకుతున్నారు, అంత కిందికి కొట్టుకుపోయారని ఎవరూ అనుకోలేదు. తెల్లవారుజామున కోస్టుగార్డు బోటూ, మనవి మూడు పడవలూ బయల్దేరాయి. ఇంకా కబురు లేదు. కూర మాడిపోయింది.

నువ్వు అన్నం తిను. నువ్వు తినకపోతే వాళ్ళ కడుపు నిండదు.

వరహాలమ్మ

*

ఓడ మీద,
శుక్రవారం

వరహాలూ,

కబురు వచ్చిందా? ఇక్కడ ఇవాళ కూడా ఎవరికీ ఏ పనీ లేదట. పాటలు పెట్టారు, తువ్వాలుతో హంసని చేసి మంచం మీద పెట్టారు. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. చిన్న పడవలో ఉన్నా తెడ్డు వేసేవాణ్ణి, తాడు విసిరేవాణ్ణి. ఇంత పెద్ద ఓడలో నేను చేయగలిగింది ఒక్కటీ లేదు.

ఆ చొక్కా సంచి అడుగున పడేశాను. ఈ జన్మలో మళ్ళీ వేసుకోను.

తాతారావు

*

అంతర్వేది,
శనివారం

మావా,

దొరికారు. రెండు రోజులు గాలించాక, నువ్వు పంపిన అంకెలకి దగ్గర్లోనే. ఇద్దరే బతికున్నారు.

పెద్దాయన పేరు పోలయ్య. నిన్న పొద్దున్న పోయాడు. తాగే నీళ్ళలో తన వాటా కూడా కుర్రాళ్ళకే పోశాడట. సాయంత్రానికి మనవాళ్ళు చేరారు.

నేనూ వెంకటసాయీ ఇవాళ ఆస్పత్రికి వెళ్ళాం. ఆ కుర్రాళ్ళలో అంజిబాబనే అతను మాట్లాడాడు. బుధవారం వాళ్ళు టార్పాలిన్‌తో తెరచాప కట్టుకోబోతుంటే ఓడ వచ్చిందట. నీ చొక్కా చూసి పోలయ్య అది మాన్పించి, పడవ కొట్టుకుపోకుండా వలని బరువుగా నీళ్ళలోకి దింపించాడట. ఓడ వెళ్ళిపోయింది కదా అని వీళ్ళు గొడవ పడ్డారట. "ఎత్తినోడు మనోడేరా. మనోడు మాటిచ్చేక వత్తాడు" అన్నాడట. పోయేదాకా అదే మాట.

వెళ్ళిపోయుంటే ఒడ్డు చేరేవాళ్ళో, ఎవరికీ దొరక్కుండా పోయేవాళ్ళో. నువ్వు ఇద్దర్ని కాపాడావని వెంకటసాయి అంటాడు. అంజిబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకూ తెలియదు మావా, తెలిసినట్టు నీకు అబద్ధం రాయలేను.

పోలయ్య భార్య బయట బల్ల మీద కూర్చునుంది. చెప్పకుండా వచ్చేద్దామని రెండడుగులేసి, వెనక్కొచ్చాను. చొక్కా ఎత్తింది మా ఆయనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. పక్కకి జరిగి బల్ల మీద నాకు చోటిచ్చింది. "మా ఆయన ఆకర్ని నమ్మింది ఆయన్నేనండీ. ఒకసారి సూడాలండీ" అంది.

నువ్వు దిగే రోజు నేను వైజాగ్‌లో ఓడరేవు గేటు దగ్గరుంటాను. సంచిలోంచి ఆ చొక్కా తీసి ఉతుక్కుని, అదే వేసుకుని దిగు. అక్కణ్ణుంచి మన ఇంటికి కాదు, తిన్నగా వాళ్ళింటికి.

వస్తున్నామని చెప్పావు కదా. వెళ్దాం.

నీ వరహాలు