రెండు మాగ్నమ్‌లు, ఒక నీలం చొక్కా

జింకల వేట క్యాంపు, మాంటానా
నవంబరు 9

ఇడెల్లా,

అందరం క్షేమం. తుపాకీ తన్నుకి నా కుడి భుజం కమిలింది తప్ప ఎవరికీ దెబ్బల్లేవు.

జింకకి మూడు వందల నంబరు మాగ్నమ్ తూటాని మించింది లేదని నేనూ, ఏడు మిల్లీమీటర్ల మాగ్నమే మేలని మీ తమ్ముడు క్లెట్టూ వేసవి నుంచీ కొట్టుకుంటున్నాం కదా. నిన్న పొద్దున గట్టు మీద కూడా అదే పనిలో ఉంటే, కొమ్ముల జింక ఒకటి ఎదురుగా నిలబడి మా వాదన మొత్తం విన్నది. ఇద్దరం ఒకేసారి కాల్చాం. ఇద్దరి గురీ తప్పింది.

"నీ ఫిరంగి మోతకే బెదిరింది బావా" అన్నాడు.

"మోతకి కాదు, నీ నోటికి" అన్నాను.

అది క్యాంపు వైపే పరుగెత్తింది. బంగాళాదుంపల చెక్కు తీస్తున్న మీ అమ్మ, మీ తాతగారి పాత రైఫిలు అందుకుని ఒక్క దెబ్బకి పడగొట్టింది.

"ఏం తూటా అత్తయ్యా?" అన్నాను.

"డబ్బాలో ఉన్నది, అల్లుడూ. అటు తిరుగు" అంది, చెక్కు తీసే కత్తి పట్టుకునే. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసి గోడకి మేకుతో కొట్టడం ఈ క్యాంపు ఆచారమాయె! అల్లుడినని కూడా చూడలేదు.

మాంసానికి ఫ్రీజరు ఖాళీ చేసి ఉంచు. కోళ్లు గుడ్లు పెడుతున్నాయా? పంపు గడ్డకట్టకుండా గోనె చుట్టించు. పిల్లలకి ముద్దులు.

నువ్వు కుట్టిన నీలం చొక్కా వేటకి వద్దన్నావు. ముందు నుంచి చూస్తే ఇప్పటికీ బాగానే ఉంది. ఇంటికొచ్చాక నీకు ఎదురుగానే నిలబడతాను.

ఆర్లో