కరుగుతుందన్న గడ్డ

మార్చి 4

దొంగచాటుగా ఈ డైరీ తెరిచిన నువ్వు పిరికిపందవి. ఇంగ్లీషు రిపోర్టు చేతిలో పెడితే చదవకుండా సరే సార్ అనే రకానివి. ఎల్బీ నగర్‌లో ఆ అద్దాల ఆసుపత్రి నడిచేది నీలాంటివాళ్ల వల్లే.

మా అన్న వెంకటనర్సయ్యకు లివర్ క్యాన్సర్. వచ్చే వారం అక్కడే ఆపరేషన్. ఇవాళ సీటీ స్కాన్ రిపోర్టు ఇస్తూ కోఆర్డినేటర్ అభిరామ్, గడ్డ గురించి పరేషాన్ గాకు అంకుల్, మందులకు కరుగుతది అన్నాడట. నన్ను లోపలికి రానివ్వలేదు. పేషెంటుతో ఒక్కరే ఉండాలట. వదిన వెళ్లింది.

మందులకు కరిగేదాన్ని కోయడం దేనికి?

మార్చి 5

అన్న ఆపరేషన్ వద్దంటున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో తన చీరల షాపు తెరిచి కూర్చున్నాడు. కరుగుతదన్నంక కోపిచ్చుకునుడెందుకు, నేనేమన్న పుచ్చకాయనా అని గిరాకీల ముందే జోకులు. వదిన భూలక్ష్మి నా మీద పడింది. నీ లొల్లి నీ కరపత్రాలల్ల రాస్కో అరుణా, మా ఆయనకు ఎక్కియ్యకు అంది.

నేను అన్న వైపే. కార్పొరేట్ కత్తికి కారణం అక్కర్లేదని ఏళ్లుగా రాస్తున్నదాన్ని.

మార్చి 6

రిపోర్టు నేనే చదివాను. లివర్‌లో ట్యూమర్ ఒకటి. అది కాక పోర్టల్ వీన్‌లో, అంటే లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద సిరలో, థ్రాంబస్. మన భాషలో రెండూ గడ్డలే. అభిరామ్ కరుగుతుందన్నది రక్తపు గడ్డ. అన్న విన్నది క్యాన్సర్ గడ్డ.

అన్నకు చెప్పాను. అయితే కోపిచ్చుకోవాలె మరి అన్నాడు. ఇప్పటికి సమజైందా మేడమ్‌కు అని వదిన.

సమజైంది. కానీ సిరలో ఉన్నది రక్తమేనని తేల్చిందెవరు? రిపోర్టులో థ్రాంబస్ అన్న మాటే ఉంది, అది రెంటికీ వాడతారట. రక్తం గడ్డకట్టిందో, క్యాన్సరే సిరలోకి పాకిందో ఎక్కడా లేదు. రేడియాలజిస్టు రాయలేదు, సర్జన్ అడగలేదు, అభిరామ్ కరిగించేశాడు.

మార్చి 7

నిద్ర లేదు.

మార్చి 8, సాయంత్రం 5

స్కాన్ సీడీ పట్టుకుని మలక్‌పేట వెళ్లాను. అమల రేడియాలజిస్టు. గుంటూరు మనిషి, కాలేజీలో నాతో పాటు ధర్నాల్లో కూర్చుంది. నీ అనుమానాలు కాసేపు బయట పెట్టవే తల్లీ, నన్ను చూడనీ అని కసిరింది.

చూసింది. మళ్లీ వెనక్కి వెళ్లి చూసింది. తర్వాత నా కుర్చీ స్క్రీన్ దగ్గరికి లాగింది. నరంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు చేరగానే లివర్‌లో ట్యూమర్ తెల్లగా వెలిగింది. సిరలోని గడ్డ కూడా దానితో పాటే వెలిగింది. వట్టి రక్తపు గడ్డయితే నల్లగానే ఉండిపోతుందట. సిర కూడా ఉబ్బి ఉంది. ఇది రక్తం కాదు అరుణా, క్యాన్సరే సిరలోకి వెళ్లింది అంది.

ఆపరేషన్ సంగతేంటని అడిగాను. ఇలా ఉంటే ముందు కోతకు వెళ్లరు, మందులో రేడియేషనో అందరూ కూర్చుని తేల్చాలి అంది. నా వైపు చూడకుండా టీ తెప్పించింది.

నా అనుమానమే నిజమైంది. గెలిచినట్టు లేదు. ఆ టీ తాగలేకపోయాను.

మార్చి 10

అమల మాట అన్నకు చెప్పి, వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె రాసిచ్చినది సర్జన్ ముందు పెట్టాను. స్కాన్ బొమ్మలు మళ్లీ తెరిపించుకుని చూశాడు. మొహం మారింది. ఆపరేషన్ వాయిదా వేస్తున్నాం అన్నాడు, నిలబడే. ఎన్నటికి సార్ అని అన్న అడిగాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. వెళ్లిపోయాడు.

లిఫ్ట్ దగ్గర అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చెల్లె, నాకెన్ని దినాలున్నయో గాయన చెప్తలేడు, నువ్వన్న అడుగు అన్నాడు.

మార్చి 11

మళ్లీ వెళ్తున్నాను. మా డిమాండ్లు:

1. సిరలో ఉన్నది రక్తమా, క్యాన్సరా రిపోర్టులో రాయాలి. తేలకపోతే తేలలేదని రాయాలి.

2. రద్దయితే రద్దు అనాలి. వాయిదా అనకూడదు.

3. స్కాన్ చదివిన డాక్టరు, సర్జన్, క్యాన్సర్ డాక్టరు ముగ్గురూ ఒకచోట కూర్చుని ఇక ఏం చేస్తారో తెలుగులో చెప్పాలి.

4. వదిన, నేను ఇద్దరం లోపల ఉంటాం.

5. ఎన్ని దినాలని అన్న అడుగుతాడు. ఫోన్ ఆపేసి, ఎదురుగా కూర్చుని, ఆయనకే చెప్పాలి.