మేడమీద ఆగిన చీర

నాయనా, నీకూ అమ్మకూ వందనాలు. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. నన్ను చీరల కొట్టులో కౌంటరు నుంచి తీసేసిన మాట నిజమే. మరమగ్గం చీరను చేనేత అని చెప్పి అమ్మమన్నారు. ప్రభువును నమ్ముకున్న నోటితో ఆ అబద్ధం చెప్పనన్నాను. అప్పటినుంచి మేడమీద చీరలు మడతపెడుతున్నాను. నువ్వు పాకాల నుంచి వచ్చి యజమాని జయరామయ్యగారిని బతిమాలవద్దు.

నిన్న ఆయన భార్య వరదమ్మగారు కూతురి పెళ్లికని ఒక చీర తీసుకొని, కింద అందరినీ దాటి నా దగ్గరికే మెట్లెక్కి వచ్చారు.

"నువ్వన్నా నిజం సెప్పు పాపా, ఇది చేనేతేనా?"

"కాదమ్మా, మరమగ్గందే."

వెనకే వచ్చిన జయరామయ్యగారు "మడతేసి కిందికి పంపు, అమ్ముడుపోతాది" అన్నారు.

"ఇంకెవరి కూతురి పెండ్లికి సార్?" అని అడిగినాను. ఆయన చీర అక్కడే వదిలి మెట్లు దిగిపోయారు. ఆ చీర ఇంకా మేడమీదే ఉంది.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? హాస్టల్లో చలిగా ఉంది, చంద్రగిరి అత్త వచ్చేటప్పుడు నా దుప్పటి ఇచ్చి పంపు.

ఆదివారం చర్చిలో నా కౌంటరు కోసం ప్రార్థన పెట్టించవద్దు. మళ్లీ కిందికి పిలిచినా నేను చెప్పేది ఇదే. వరదమ్మగారి కూతురు, ఆ పెళ్లిపిల్ల చల్లగా ఉండాలని పెట్టించు.

నీ కూతురు,
కెజియా