ప్లేట్ల మధ్య ఏముంది?

మార్చి 3
హెడ్ గారు పిలిచారు. ల్యాబ్ మాన్యువల్‌లోంచి పదకొండో ప్రయోగం ఎత్తేస్తారట. కెపాసిటర్ డిశ్చార్జ్ అవుతుంటే దాని రెండు ప్లేట్ల మధ్య పుట్టే మాగ్నెటిక్ ఫీల్డ్‌ని చూపించే ప్రయోగం అది. ఆరేళ్లుగా ఒక్క బ్యాచ్‌కీ కనబడలేదు కదమ్మా, వీడియో చూపిద్దాం, బల్ల ఖాళీ అవుతుంది అన్నారు. ఆ ఆరేళ్లూ ఈ ల్యాబ్ అసిస్టెంట్‌ని నేనే. ఒళ్లు మండింది. శుక్రవారం దాకా గడువు అడిగాను.

ఆయనకు చెప్పని సంగతి ఇక్కడ రాస్తాను. నా వైవాలో అడిగింది కూడా ఇదే. ప్లేట్ల మధ్య తీగ లేదు, మరి అక్కడ ఏముంది అని. ఏమీ లేదండీ అన్నాను. ఎగ్జామినర్ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అక్కడ ఎలక్ట్రిక్ ఫీల్డ్ తగ్గుతూ ఉంటుందని, ఆ తగ్గడమే కరెంటులా పనిచేసి చుట్టూ మాగ్నెటిక్ ఫీల్డ్ పుట్టిస్తుందని, దాన్నే డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ అంటారని ఇంటికెళ్లి చదువుకుని ఏడ్చాను. కళ్లతో చూడాలని అప్పటి నుంచీ కోరిక.

మార్చి 4
ఫీల్డ్ పుడితే ఆసిలోస్కోపు తెర మీద గీత కదలాలి. కదల్లేదు.

మార్చి 5
తప్పు ఫీల్డ్‌ని పట్టుకోవడానికి ప్లేట్ల మధ్య పెట్టే పాత కాయిల్‌దే. చుట్లన్నీ వదులు. టైలర్ అక్క షాపుకి పరిగెత్తి, మెషిన్ మీద బాబిన్‌కి సన్నని రాగితీగ చుట్టించాను. ఇదేం దారమే, నా మెషిన్ పాడైతే మీ హెడ్డు కొనిస్తాడా అని సణుగుతూనే పావుగంటలో చుట్టేసింది. నేనిచ్చిన కర్టెన్లు మాత్రం నెలనుంచీ అలాగే ఉన్నాయి.

మార్చి 6, ఉదయం 10
కొత్త కాయిల్, పాత గీత. స్కేలు పెట్టి కొలిచి మరీ ప్లేట్లకు సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాను. ఆరేళ్లుగా అంతే. పక్కకి జరిపిన పిల్లల్ని తిట్టాను కూడా.

సాయంత్రం 5
అక్కకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. నా బాబిన్ ఎక్కడ పెట్టావే అంది. నడిమధ్యన అన్నాను. ఆ ఫీల్డో ఏదో ఎలా ఉంటుంది అంది. చుట్టూ గుండ్రంగా అన్నాను. మరి నా మెషిన్ చక్రం తిరుగుతుంటే నడిమధ్యన వేలు పెడితే ఏం తెలుస్తుంది, అంచున పెడితే కదా లాగేది అంది.

థాంక్స్ అయినా చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. మధ్యలో ఫీల్డ్ సున్నా! ఆ ఫార్ములా ఏటేటా బోర్డు మీద రాసేది నేనే. ఇంత మొద్దుని ఇన్నేళ్లు ఎలా భరించారో.

మార్చి 7, ఉదయం 11:20
కాయిల్‌ని అంచుకి జరిపాను. స్విచ్ నొక్కాను. గీత లేచింది! హెడ్ గారిని దాదాపు లాక్కొచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఇది నాయిస్ అమ్మా, ఎక్కడిదో పిచ్చి సిగ్నల్ అన్నారు. కాయిల్‌ని అటుది ఇటు తిప్పి మళ్లీ నొక్కాను. పైకి లేచిన గీత కిందికి దిగింది. నాయిస్ అయితే కాయిల్ ఎటు తిరిగితే దానికేం?

నన్ను పక్కకి జరగమన్నారు. స్విచ్ ఆయనే నొక్కుతారట. పదిహేడుసార్లు నొక్కారు, చిన్నపిల్లాడిలా. పదకొండో ప్రయోగం ఉంటుంది అన్నారు. నాకు గెంతాలనిపించింది. స్టోర్ రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని గెంతాను.

మార్చి 8
ప్లేట్ల మధ్య ఏముందో తెలుసా అని అక్కను అడిగాను.
నా బాబిన్, తెచ్చివ్వు అంది.