యాకూబు తెచ్చే బ్రెడ్డు

ఎల్లారెడ్డి,
ఆదివారం పొద్దున.

అనిల వాళ్ళ నాన్నకు,

ప్రమోద నమస్కరించి రాస్తున్నది. నేను, అనిల క్షేమం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తప్ప ఒంట్లో బాగానే ఉంది. మీరు వేళకు తింటున్నారని, ఎండలో ఎక్కువ తిరగడం లేదని తలుస్తాను.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరం ఎందుకా అనుకుంటారు. మీ గదిలో ఎనిమిది మంది ఉంటారు. ఇక్కడ నేను ఫోన్ ఎత్తితే అత్తమ్మ పక్కనే కూర్చుంటుంది. ఈ సంగతి ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే ఎవరో ఒకరు లాక్కుంటారు. తాజుద్దీన్ అన్న సెలవు అయిపోయి మంగళవారం షార్జాకు బయలుదేరుతున్నాడు. మామిడికాయ తొక్కు డబ్బాతో పాటు ఇది కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. ఒక్కరే ఉన్నప్పుడు చదవండి.

ముందు మీరు ఉత్తరంలో అడిగినవాటికి జవాబు చెబుతాను. తాజుద్దీన్ అన్నతో మీరు పంపిన సాండ్‌విచ్ పెనం బాగుంది. రెండు పలకలూ సరిగ్గా మూసుకుంటాయి. పొడుగు పిడి కాబట్టి చెయ్యి కాలదు. మొదటి రెండు రోజులు బ్రెడ్డు పలకకు అతుక్కుని చిరిగింది. మీరు కాగితం మీద రాసిన మాట అప్పుడు అర్థమైంది, వెన్న లోపల కాదు, బ్రెడ్డు బయటివైపు పూయాలని. సన్నని మంట మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు ఉంచితే ఎర్రగా, కరకరలాడుతూ వస్తున్నాయి.

చీజ్ కోసం వెతుక్కోలేదు. ఉడికిన ఆలుగడ్డ మెదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, కొంచెం కారం కలిపి పెడుతున్నాను. ఒకరోజు గుడ్డు, ఒకరోజు రాత్రి మిగిలిన కోడికూర ముక్కలు విప్పి, పులుసు ఇగిరేదాకా వేయించి. కోడికూరదైతే రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. అత్తమ్మ మొదటిరోజు "రొట్టెల నడుమ కూర పెట్టి కాల్చుడేంది" అన్నది. ఇప్పుడు ఆమెకే పొద్దున్నే కావాలి. అనిల బడి డబ్బాలో అన్నం పెడితే సగం తెచ్చేది. ఇవి పెడితే డబ్బా కడిగినట్టు వస్తుంది.

బ్రెడ్డు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కామారెడ్డి నుంచి వచ్చే మొదటి బస్సులో దిగుతుంది. యాకూబు బస్టాండులో దించుకుని, తన పాత మోపెడ్ మీద వాడవాడా తిరిగి అమ్ముతాడు. మీరు ఉన్నప్పుడు తిరగలేదు కాబట్టి మీకు తెలియదు. యాభై దాటి ఉంటాయి, సన్నగా ఉంటాడు. మన సందు మూలన మురుగు మోరీ పక్కన బండి ఆపి హారన్ కొడతాడు. అనిల పరుగెత్తేది. దానికి ఒక బన్ను ఊరికే ఇచ్చేవాడు. అది ఆయనను "బ్రెడ్డు తాత" అని పిలిచేది.

ఇక కోతుల సంగతి. మీరు పోయినప్పటికీ ఇప్పటికీ అవి రెండింతలయ్యాయి. పోచారం అడవిలో తినడానికేమీ లేక గుంపులుగా ఊరి మీద పడుతున్నాయి. పెంకులు లేపుతాయి, డిష్ తీగలు పీకుతాయి. పక్క వాడలో ఒక ముసలామెను మెట్ల మీది నుంచి తోస్తే తుంటి విరిగింది. యాకూబు బండి మీద రబ్బరు గులేరు పెట్టుకుని తిరిగేవాడు. ఒక రాయి గురిపెడితే చాలు, బ్రెడ్డు జోలికి వచ్చేవి కావు. సాండ్‌విచ్‌లు మొదలుపెట్టాక అవి మన ఇంటికి బాగా మరిగాయి. వెన్న కాలే వాసనకు పెరటి గోడ మీద వరసగా వచ్చి కూర్చునేవి.

అనిలను కోతి గీరిందని మీకు ఫోన్‌లో చెప్పాం. గీరలేదు, కరిచింది. బడి సెలవు రోజు, పదకొండు గంటలప్పుడు, పెరటి గడప మీద కూర్చుని గుడ్డు సాండ్‌విచ్ తింటోంది. పెద్ద మగకోతి దిగి చేతిలోది లాగింది. పిల్ల వదల్లేదు. కోతి అనిల పిక్క పట్టి కొరికింది. మాంసం లేచి వచ్చింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. దవాఖానాకు మోసుకుపోయాను, సూదులు వేశారు. ఇప్పుడు పుండు మానింది, నడుస్తోంది. దాని గురించి దిగులు పడకండి.

మర్నాడు పొద్దున సందు మూలన మోరీలో చచ్చిన కోతి కనబడింది. యూరియా సంచిలో చుట్టి ఉంటే కుక్కలు బయటికి లాగాయి. తల పగిలి ఉంది. ఆంజనేయుని చంపారని వాడంతా పోగయ్యింది. ఎవరో తెల్లబట్ట తెచ్చి కప్పారు, ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. మీ అన్న రాజన్న బావ హనుమాన్ మాల తీసి నెల కూడా కాలేదు, మీకు తెలుసు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే యాకూబు బండి వచ్చి ఆగింది.

"నీ బండి ఆగే కాడనే పడ్డది. నీ దగ్గర గులేరు ఉన్నది. ఇంకెవడు సంపుతడు?" అన్నాడు బావ.

"కసమ్ రాజన్నా, నేను బెదిరియ్యనీకె రాయి కొడుత. ఒక్కదాని పానం తియ్యలే."

"మా దేవుణ్ణి సంపి మాకే బ్రెడ్డు అమ్ముతవారా?"

బావ చేతిలో పార కట్టె ఉంది. మొదటి దెబ్బ దవడ మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది, విరిగింది కట్టె కాదు. యాకూబు బండితో సహా పడ్డాడు. బ్రెడ్డు పాకెట్లు మోరీలోకి జారాయి. తర్వాత ఎవరు ఏ దెబ్బ కొట్టారో చెప్పలేను, ఎనిమిది పది మంది ఉన్నారు. కడుపులో తన్నారు. వెల్లకిలా తిప్పి గుండెల మీద తొక్కారు. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నంతసేపు చేతుల మీద కొట్టారు, చేతులు పడిపోయాక ముఖం మీద కొట్టారు. బావ ఆయన గులేరే తీసుకుని, మూరెడు దూరం నుంచి ముఖానికి గురిపెట్టి రాయి వదిలాడు. ఎడమ కన్ను అప్పుడు పోయింది. యాకూబు అరవలేదు. నోట్లో రక్తం నిండి గొరగొరమనే చప్పుడు ఒకటే వచ్చింది. ఎవరో "సస్తడు, ఆపుండ్రి" అంటే ఆపారు. అందరూ వెళ్ళిపోయాక ఆటో వాడొకడు ఎక్కించుకుని పోయాడు.

పోలీసులు వచ్చి అడిగితే వాడంతా ఒకటే మాట. బండి మీది నుంచి పడ్డాడట. అత్తమ్మ కూడా అదే చెప్పింది. నేను తలుపు వెనక ఉన్నాను. నన్ను అడగలేదు. నేనూ బయటికి రాలేదు.

నాలుగో రోజు పొద్దున అనిల పెనం ముందు కూర్చుని, ఎవరి దుకాణం నుంచో తెచ్చిన బ్రెడ్డును చూసి అడిగింది.

"అమ్మా, బ్రెడ్డు తాత ఎప్పుడొస్తడు?"

"దెబ్బలు తాకినయి బిడ్డా. కామారెడ్డి దవాఖాన్ల ఉన్నడు."

"కోతిని నువ్వు కొట్టినవు గద. తాతను ఎందుకు కొట్టిండ్రు?"

ఇంతసేపు రాయకుండా దాటేస్తూ వచ్చిన మాట పిల్ల నోట్లో నుంచే మీకు తెలియనిచ్చాను. అవును. ఆ కోతిని చంపింది నేను.

అనిల అరుపు విని మంట మీద ఉన్న పెనం అలాగే పట్టుకుని పెరట్లోకి ఉరికాను. కరిచిన మగకోతి నన్ను చూసి గోడ దూకి పోయింది. దాని వెనకాలే వచ్చిన ఆడకోతి ఒకటి కింద పడ్డ ముక్క ఏరుకుంటోంది. వీపు నా వైపు ఉంది. అది నా బిడ్డను ముట్టుకోలేదు. నాకు అది కూడా తెలుసు. కాలుతున్న పెనంతో తల మీద కొట్టాను. వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. అది పక్కకు ఒరిగి నా వైపు చూసింది. రెండో దెబ్బకే కదలడం ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు. అత్తమ్మ వెనక నుంచి నా జుట్టు పట్టి లాగేదాకా కొడుతూనే ఉన్నాను. పెనం పిడి వంగింది, తర్వాత సుత్తితో సరిచేసుకున్నాను. భయంతో కొట్టానని చెప్పుకోవచ్చు. కానీ మీకు అబద్ధం రాయను. మూడో దెబ్బ నుంచి భయం లేదు. కొట్టాలనిపించి కొట్టాను.

అత్తమ్మ దాన్ని తిప్పి చూసి, "పాలిచ్చేది గదనే, పాపిష్టిదానా" అని నోట్లో కొంగు కుక్కుకుంది. పిల్లను దవాఖానాలో చూపించి వచ్చేసరికి తనే గచ్చు కడిగేసి, కోతిని సంచిలో చుట్టి ఉంచింది. "నోరు తెరవకు. ఊర్ల తెలిస్తే మనకు నీళ్ళు గూడ పుట్టవు" అన్నది. సంచిని మోరీలో వేసింది నేనే. జనం పొలాల మీద ఉన్న వేళ చూసి వేశాను. అక్కడ యాకూబు బండి ఆగుతుందన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను.

యాకూబును కొడుతున్నప్పుడు నాకూ వాళ్ళకూ మధ్య పది అడుగులు. "నేనే సంపిన" అనడానికి ఎంతసేపు పడుతుంది? మొదటి దెబ్బకు ముందు నోరు తెరిచాను కూడా. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. విడిపించుకోవాలంటే విడిపించుకునేదాన్ని.

అనిల ఆ మాట అడిగిన రోజే ఆరు సాండ్‌విచ్‌లు కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, కామారెడ్డి బస్సెక్కాను. ఏం చెప్పాలో అనుకోలేదు. ఊరికే చూసి, ఇచ్చి, వచ్చేద్దామనే బయలుదేరాను. యాకూబు ముఖం గుర్తుపట్టేలా లేదు. దవడకు తీగలు కట్టారు, తల సగం కట్టులోనే ఉంది. ఆయన భార్య షిరీన్ మంచం పక్కన నిలబడి గొట్టంతో పాలు పట్టిస్తోంది. నేను డబ్బా మూత తీశాను.

"నా మనిషి నములలేడు. ఏం తెచ్చినవ్ నువ్వు?" అన్నది.

నా నోట్లో నుంచి అప్పుడు వచ్చింది. "అక్కా, ఆ కోతిని సంపింది నేను. ఆయన కాదు."

 ఆమె పాల గిన్నె పక్కన పెట్టి నన్ను కొట్టింది. చెంప మీద, మళ్ళీ చెంప మీద, తల గోడకు తగిలేలా. డబ్బా ఎగిరి వార్డులో దొర్లింది. నర్సులు వచ్చి పట్టుకుంటే కూడా ఆగలేదు. యాకూబు ఉన్న ఒక్క కన్నుతో చూస్తున్నాడు. చెయ్యి లేపి ఆమెను వద్దంటున్నాడో, ఇంకా కొట్టమంటున్నాడో నాకు తెలియలేదు.

షిరీన్ అలసిపోయి కూర్చుని, ఊపిరి అందాక అన్నది, "నాకు చెప్తే నా మొగని కన్ను వస్తదా? పోలీసులకు చెప్పు. కొట్టినోళ్ళ పేర్లు చెప్పు. సూసినవా, సూడలేదా?"

"సూసిన."

"మరి నడువు."

అదే రోజు ఎల్లారెడ్డిలో బస్సు దిగి నేరుగా ఠాణాకు పోయాను. కోతిని చంపిన సంగతి చెప్పి సంతకం పెట్టాను. నా మీద కూడా కేసు కావచ్చన్నారు. కానివ్వండి అన్నాను. తర్వాత కొట్టినవాళ్ళ పేర్లు అడిగారు. మొదటి పేరు మీ అన్నదే చెప్పాను.

మొన్న మీరు వీడియోలో నా నుదుటి మీద కట్టు చూసి అడిగితే తలుపు తగిలిందన్నాను. తలుపు కాదు, ఇత్తడి చెంబు. బావను తీసుకుపోయిన రోజు ఆయన భార్య పద్మప్రియ అక్క వచ్చి కొట్టింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ వారం రెండుసార్లు మన తలుపు మీద రాళ్ళు పడ్డాయి. అనిలను కళ్యాణి పిన్ని వాళ్ళింట్లో, బీబీపేటలో ఉంచాను. మీ అన్న ఫోన్ ఎందుకు పలకడం లేదని అడిగారు. బొంబాయి పనికి పోయాడని అత్తమ్మ చెప్పింది కదా. పోలేదు. జైల్లో ఉన్నాడు. మిగతా వాళ్ళలో ఐదుగురు కూడా.

అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం వండి పెడితే తింటుంది. నిన్న మాత్రం ఒక మాట అన్నది, "నువ్వు సంపినవు, నా కొడుకు జైల్ల పడ్డడు. నీ మొగడు చెప్తే గాని నీకు బుద్ధి రాదు." అంటే త్వరలోనే మీతో చెప్పిస్తుంది, కోర్టులో మాట మార్చుకొమ్మని. అందుకే ముందుగా రాస్తున్నాను. మీరు చెప్పినా మార్చుకోను. మీరు ఇంటికి రావద్దన్నా మార్చుకోను. మీ అన్న మిమ్మల్ని భుజాల మీద మోసి పెంచాడని నాకు తెలుసు. ఆ మనిషే యాకూబు ముఖానికి రాయి గురిపెట్టాడు. రెండూ నిజమే.

ఇది చదివాక ఫోన్ చేయండి. అత్తమ్మకు కాదు, నాకు. తిట్టండి, వింటాను. ఎందుకు చెప్పావని మాత్రం అడగకండి. పది అడుగుల దూరంలో ఉండి, నాలుగు రోజులు ఎందుకు ఆగావని అడగండి. 

ఇట్లు,
మీ భార్య,
ప్రమోద.