మా అత్త కూడా ఊదుతుందట

గ్రీనాక్,
మంగళవారం

ఐలీన్ అక్కా,

పాప పుట్టింది! ఏడు పౌండ్లుంది. గొంతు విప్పితే రేవులో ఓడ కూసినట్టే.

మీకో నిజం చెప్పాలి. మధ్యలో రెండు నెలలు క్లినిక్కుకి రాకపోవడానికి కారణం బస్సు కాదు, మీరు గర్భిణుల చేత ఊదించే ఆ మిషను. ఊపిరిలో పొగ ఎంతుందో అంకెతో సహా చెప్పేస్తుందిగా! సిగరెట్ మానేశాకే మీకు ముఖం చూపిద్దామనుకున్నాను. తీరా మానేసి వచ్చి ఊదితే, నాలుగు లోపు రావాల్సింది పద్నాలుగు!

"బాత్‌రూములో దొంగచాటుగా కాలుస్తోంది, నాకు తెలీదూ?" అంది మా అత్త, పెరటి గుమ్మంలో తన సిగరెట్ పీలుస్తూనే.

నా మాట నమ్మింది మీరొక్కరే. "నువ్వు కాల్చడం లేదంటే ఇంట్లో గ్యాసే సరిగ్గా మండడం లేదమ్మా. వెంటనే గ్యాస్ ఆపేసి మెకానిక్‌ని పిలువు," అన్నారు. వచ్చినతను నీళ్లు కాచే బాయిలర్ విప్పి చూసి, "కిటికీలన్నీ తెరవండమ్మా!" అని అరిచాడు. సిగరెట్ పొగలో ఉండే విషవాయువే దాన్నుంచి మా వంటింట్లోకి వస్తోందట. ఆ రోజు కూడా నేను క్లినిక్కు ఎగ్గొట్టి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

అత్త నోట క్షమాపణ రాలేదు గానీ, ఆమె సిగరెట్ మానేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

గురువారం పాపను చూడ్డానికి వస్తారుగా, ఆ మిషను తప్పకుండా తీసుకురండి. నేను నమ్ముతున్నానని ఎంత చెప్పినా అత్త వినడం లేదు.

"నువ్వు నమ్మితే సరిపోతుందటే? నిన్ను నేను నమ్మానా?" అంటోంది.

మీ పాత పద్నాలుగు