చెనిక్కాయలు ఒలుస్తూ చూసిన సినిమా

అక్కా, ఎలా ఉన్నావని అడగలేను. నువ్వు పోయి ఏడు నెలలు కావస్తోంది. వానాకాలం వచ్చింది, వాన ఇంకా రాలేదు. కళ్యాణదుర్గంలో మీ ఇంటికి అప్పుడప్పుడు వెళ్తున్నాను. బావ టీ పెట్టి ఇస్తాడు, ఇద్దరం తాగుతాం. నీ మాట ఎవరమూ ఎత్తం...

ఏడుపు రాలేదక్కా. ఆ రోజు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. పొద్దున్నే లేస్తాను, అనంతపురంలో పత్రికాఫీసుకు పోతాను, పాత సినిమాల మీద వ్యాసాలు రాస్తాను. బాగున్నాయని జనం అంటున్నారు. నాకే చప్పగా ఉన్నాయి. పంపే ముందు నీకు ఫోన్లో చదివి వినిపించేవాణ్ణి కదా... ఇప్పుడు నేరుగా పంపేస్తున్నాను.

ఈ వారం ఎడిటర్ నాకో పని పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లతో ఒక గంట మాట్లాడాలట. పాత సినిమాలు, క్యాసెట్లు, రేడియో పాటల రోజుల గురించి మనసుకు తగిలేలా ఎలా రాయాలో చెప్పాలట. నేనేం చెప్పను? నాకు తెలిసిందంతా నీ తిట్లే.

"ఆ రోజులే వేరు అని రాసినావు. ఏమి వేరో చెప్పప్పా ముందు. ఒలిసి ఒలిసి బొటనేలు పుండైతాండె, అది గూడా సుఖమేనా?"

"సినిమా పేరు అందరికీ తెలుసు. మనిల్లు యాడుండాది దీంట్లో?"

ఈ రెండూ చెబితే చాలనుకున్నాను. ఉదాహరణకు, అందరూ మెచ్చిన నా వ్యాసం ఒకటి తీశాను. మన ఊళ్లో వీడియో ఆడించిన రోజుల గురించి రాసింది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాశాను. నీకు చదివి వినిపించకుండా పంపింది అదే మొదటిది.

వేరుశనగ విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే రోజులు... ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో, ఊరంతా కూర్చుని ఒలిచేవాళ్లం. మన వంతు వచ్చినప్పుడు నాయన కళ్యాణదుర్గం నుంచి టీవీ, వీడియో డెక్కు అద్దెకు తీసుకుని బస్సు టాపు మీద వేసుకొచ్చేవాడు. పట్టపగలే కిటికీలకు గోతాలు కట్టి గది చీకటి చేసేవాళ్లం. టీవీకి కుంకుమ పెట్టి టెంకాయ కొడితే తప్ప క్యాసెట్ వేయనిచ్చేది కాదు అమ్మ.

ఫైటింగ్ సినిమాలు నాయన తెచ్చేవాడు కాదు. ఫైటింగ్ వస్తే చేతులు ఆగిపోతాయి మరి! ఏడుపు సీను వస్తే ఇంకా కష్టం, గింజ పొట్టు కుప్పలోకి, పొట్టు చేటలోకి పోయేది. పాటలెక్కువ ఉన్న సినిమా అయితే పని సాగేది.

ఇవన్నీ రాశాను. నువ్వుంటే ఏమీ అనకపోయేదానివేమో. చివర్లో మాత్రం ఇలా ఉంది: 'అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని కళ్లార్పకుండా చూసేవాళ్లం.'

నిన్న ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కళ్లు మూసుకుంటే ఆ గది కనిపించింది. టీవీ వెలుతురు నీ జుట్టు అంచున పడుతోంది. నీ ముఖం నీడలో ఉంది, సరిగ్గా నాకు ఎదురుగా. పక్కన కూర్చున్న మనిషి ముఖం ఎదురుగా ఎందుకుంటుందక్కా?

నువ్వు టీవీకి వీపు పెట్టి కూర్చున్నావు.

గింజలు తినేసే పిల్లల మీద, ఎర్ర పొర ఊడేలా నలిపేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచమని నాయన నిన్నలా కూర్చోబెట్టాడు. పొర ఊడిన గింజ మొలవదు. కరువులో ఆ విత్తనం పోతే మళ్లీ తెచ్చే దారి లేదు. ఇంట్లో పెద్దపిల్లవి నువ్వే. ఎన్నేళ్లు అలా కూర్చున్నావు? పెళ్లయ్యేదాకానా? బావకు ఫోన్ చేస్తే తెలియదన్నాడు. అమ్మా నాయనా లేరు. ఇంకెవరిని అడగాలి...

సాయంత్రం బస్టాండులో నిలబడి ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది. వీడియో ఆడిన మర్నాడు నీళ్లకు పోతూ నన్ను వెంటబెట్టుకునేదానివి. "ఇప్పుడు చెప్పురా. ఆయమ్మ యా రంగు చీర కట్టుకోనుండె? ఏడ్సేటప్పుడు ఆయప్ప మొగం ఎట్ల పెట్టినాడు?" నేను ఏదైనా వదిలేస్తే "అట్ల గాదు, మొదటినుంచి చెప్పు" అనేదానివి. నాకు కథలు చెప్పే సరదా ఉందని అడుగుతున్నావనుకున్నాను.

నువ్వు సినిమా చూస్తున్నావక్కా, అప్పుడు.

బస్సు వచ్చింది. ఎక్కాను, టికెట్ తీసుకున్నాను. కళ్లు పొడిగానే ఉన్నాయి.

రేపు వాళ్లకు ఆ వ్యాసమే చదివి, ఆ వాక్యం తప్పని చెబుతాను. 'మేమంతా చూశాం' అని రాసే ముందు, ఆ గదిలో చూడని మనిషి ఎవరో వెతుక్కోండి అంటాను. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఆ సినిమాలన్నీ ఇప్పుడు ఫోన్లో దొరుకుతున్నాయి. ఆదివారానికొకటి చూస్తాను. ఇలాగే ఉత్తరంలో నీకు రాస్తాను. చీరల రంగులు కూడా వదలను.

నీ తమ్ముడు